స్టీరింగ్‌కూ మేనమామ పోలికేనా?

కంచికచర్ల మండలం చెవిటికల్లు చుట్టుపక్కల ఊళ్లలో బండి తోలడాన్ని ఎవరూ ప్రత్యేకమైన విద్యగా లెక్కపెట్టరు. మీసం మొలిచే వేళకు ట్రాక్టరు సీటెక్కని మగపిల్లలు తక్కువ. (లైసెన్సు సంగతి ఎవరూ అడగరు. అడగాల్సిందే.) మిరప, పత్తి పండే మెట్ట పొలాలు ఒకవైపు, జగ్గయ్యపేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలు ఇంకోవైపు, దిగువన విజయవాడ ఆటోనగర్. వీటన్నిటినీ కలుపుతూ ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి. కీసర టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఆ ప్రాంతం బతుకంతా చక్రాల మీదే నడుస్తోందని అర్థమవుతుంది.

అలాంటి చోట ఎవరు బాగా తోలతారు, ఎవరు తోలరు అన్నది అరుగుల మీద తేలిపోతూ ఉంటుంది. ఇరుకు సందులో లోడు బండిని ఒక్క ఊపులో వెనక్కి తీసినవాడిని చూసి ‘అచ్చం వాళ్ల మేనమామ చెయ్యే’ అంటారు. గేటు స్తంభానికి గీరినవాడిని ‘వాళ్ల వంశంలోనే లేదులే’ అనేస్తారు. ‘నాలుగేళ్ల కింద ఒక్కసారి వచ్చాడు, ఇవాళ దారి అడక్కుండా వచ్చేశాడు’ అని మెచ్చుకునేది ఇంకొకరిని. మొదటి రెండు మాటలూ రక్తానికి సంబంధించినవి. మూడోది జ్ఞాపకశక్తికి. శాస్త్రవేత్తలు కూడా ఇదే ప్రశ్న పట్టుకుని చాలా దూరం వెళ్లారు. వాళ్లకు దొరికిన జవాబు అరుగుల మీది తీర్పుతో కొంత కలుస్తుంది, చాలావరకు కలవదు.

ఏడుగురి కథ

2009లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖలో స్టీవెన్ క్రేమర్ అనే నరాల వైద్య నిపుణుడి బృందం ఒక చిన్న ప్రయోగం చేసింది. 29 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వీడియోగేమ్ లాంటి స్టీరింగ్ చేతికిచ్చింది. వంకర టింకర రోడ్డు మీద పదిహేను చుట్లు తోలమంది. నాలుగు రోజులయ్యాక మళ్లీ పిలిచి అదే రోడ్డు మీద అదే పని చేయమంది.

ఆ 29 మందిలో ఏడుగురికి ఒక జన్యువు కాస్త తేడాగా ఉంది. దాని పేరు బీడీఎన్ఎఫ్. మనం ఏదైనా పని నేర్చుకుంటున్నప్పుడు మెదడు కణాల మధ్య బంధాలు గట్టిపడటానికి కావలసిన ఒక ప్రొటీన్‌ను ఈ జన్యువే తయారు చేయిస్తుంది. ఆ ప్రొటీన్‌లో 66వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట మెథియోనిన్ ఉంటే, పని జరుగుతున్న సమయానికి విడుదలయ్యే సరుకు తగ్గుతుంది. గోడ కడుతున్నప్పుడు సిమెంటు సమయానికి అందకపోవడం లాంటిదన్నమాట. ఈ తేడా ఉన్న ఏడుగురూ మిగతావాళ్లకంటే 20 శాతానికి పైగా ఎక్కువ తప్పులు చేశారు. నాలుగు రోజుల తర్వాత చూస్తే, మొదటిసారి నేర్చుకున్నదాన్ని కూడా మిగతావాళ్లంత నిలుపుకోలేదు.

‘చెడ్డ డ్రైవర్లకు జన్యువే కారణం’ అంటూ అప్పట్లో పత్రికలన్నీ గోల చేశాయి. అమెరికన్లలో సుమారు 30 శాతం మందికి ఈ తేడా ఉంటుందని కూడా చెప్పారు. కాస్త నిదానించి చూడాలి. మొత్తం కథ ఏడుగురిది. వాళ్లు తోలింది బొమ్మల రోడ్డు. దాని మీద ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు లేదు, రాంగ్‌రూట్లో వచ్చే ఆటో లేదు, రోడ్డుకు అడ్డంగా పడుకున్న గేదె లేదు. కొత్త రోడ్డు వంపులను చెయ్యి ఎంత త్వరగా పట్టుకుంటుందో ఆ ప్రయోగం చెప్పింది. నందిగామ సెంటర్లో ఎవరు ఎలా తోలతారో చెప్పలేదు. పైగా అదే తేడా ఉన్నవాళ్లకు పార్కిన్సన్స్ వంటి కొన్ని నరాల జబ్బుల్లో మెదడు చురుకు ఎక్కువకాలం నిలుస్తుందని ఇంకొన్ని పరిశీలనలు సూచించాయి. ప్రకృతి ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చే రకం. ఆ జన్యువును పట్టుకుని ఎవరినీ ‘పుట్టు మొద్దు’ అనడానికి లేదు.

మరి తండ్రి బాగా తోలితే కొడుకూ బాగా తోలడం కళ్లకు కనబడుతోంది కదా అనొచ్చు. ఆ మాటా పరీక్షకు వచ్చింది. బ్రెజిల్‌కు చెందిన బియాంకి, ఫిన్లాండ్‌కు చెందిన సుమ్మల అనే ఇద్దరు పరిశోధకులు 2004లో తల్లిదండ్రుల డ్రైవింగ్ తీరునూ, పిల్లల తీరునూ పక్కపక్కన పెట్టి చూశారు. పోలిక నిజంగానే కనిపించింది. తండ్రి దూకుడుగా తోలే ఇంట పిల్లలకూ దూకుడు ఎక్కువ. కానీ అది రక్తం నుంచి వచ్చిందా, వెనక సీట్లో కూర్చుని పదిహేనేళ్లు చూసిన దాన్నుంచి వచ్చిందా అన్నది అలాంటి లెక్కతో తేలదు. ట్యాంకు మీద కూర్చున్న మూడేళ్ల పిల్లాడు నాన్న హెల్మెట్ పెట్టుకున్నాడా, ఎర్రలైటు దగ్గర ఆగాడా, ఎదుటివాణ్ని ఏమని తిట్టాడా అన్నీ చూస్తూనే ఉంటాడు. వాడి ఎల్‌ఎల్‌ఆర్ క్లాసు ఆ రోజే మొదలైపోయింది.

చెయ్యి తిరగడమంటే

తెలుగులో ఎంత చక్కటి మాట ఉందో చూడండి. పనిలో నేర్పు సంపాదించినవాణ్ని ‘చెయ్యి తిరిగినవాడు’ అంటాం. బుర్ర తిరిగినవాడు అనం. దాని అర్థం ఇంకోటి. డ్రైవింగ్ కొంతకాలం అయ్యాక బుర్రను దాటి చేతుల్లోకి, కాళ్లలోకి దిగిపోతుందని మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు.

దీనికి శాస్త్రం వైపు నుంచి గట్టి సాక్ష్యం ఇచ్చింది హెన్రీ మొలైసన్ అనే అమెరికన్. మూర్ఛ తగ్గించడానికి 1953లో ఆయన మెదడుకు ఆపరేషన్ చేసి, రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి గానీ అప్పటినుంచి ఆయనకు కొత్త సంగతి ఏదీ గుర్తుండేది కాదు. పొద్దున పలకరించిన మనిషే మధ్యాహ్నానికి కొత్తవాడు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన ముందు అద్దం పెట్టి, అద్దంలో చూస్తూ నక్షత్రం గీత వెంట పెన్సిలు నడపమంది. మొదటిరోజు అందరిలాగే తడబడ్డాడు. మూడోరోజుకు చేయి చక్కగా తిరిగింది. ఆ పని అంతకుముందు చేసినట్టు మాత్రం ఆయనకు గుర్తే లేదు!

అంటే జ్ఞాపకం ఒకటి కాదు. కనీసం రెండు. మొదటిది సంగతుల జ్ఞాపకం. కీసర దాటాక ఏ మలుపు తిరగాలి, వంతెన పక్కన గొయ్యి ఎక్కడుంది, పెళ్లివారి ఊరు ఏ దారిలో ఉంది లాంటివి దీని లెక్కలోకి వస్తాయి. రెండోది చేతల జ్ఞాపకం. క్లచ్ ఎంత వదిలితే బండి కదులుతుందో, తడి రోడ్డు మీద బ్రేకు ఎంత నొక్కాలో ఇది చూసుకుంటుంది. చిన్నమెదడు, మెదడు లోపలి మరికొన్ని భాగాలు కలిసి దీన్ని నడుపుతాయి. పాతకాలం లారీ క్లీనర్లు ఈ రెండో జ్ఞాపకాన్నే ఏళ్ల తరబడి పోగేసుకునేవారు. ఎడమ సీట్లో కూర్చుని ‘రైట్... రైట్’ అంటూ, టైరు కొట్టి చూస్తూ, డ్రైవరన్నయ్య కాలు ఎప్పుడు లేచిందో కనిపెడుతూ గడిపాకగానీ స్టీరింగ్ చేతికి వచ్చేది కాదు. ఆ విద్యకు సర్టిఫికెట్ లేదు. చాలామంది మంచి డ్రైవర్లు ఆ బడిలోంచే వచ్చారు.

మొదటి జ్ఞాపకం సంగతి లండన్ టాక్సీవాళ్లు చెప్పారు. అక్కడ నల్ల టాక్సీ తోలాలంటే నగరం నడిబొడ్డు నుంచి ఆరు మైళ్ల పరిధిలోని సుమారు 25 వేల వీధులు కంఠతా రావాలి. మామూలుగా మూడు నాలుగేళ్ల చదువు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో పనిచేసిన ఎలినార్ మగ్వైర్ 2000లో పదహారు మంది టాక్సీ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేయించారు. హిప్పోక్యాంపస్ వెనకభాగం మామూలువాళ్లకంటే పెద్దగా కనిపించింది. వృత్తిలో ఏళ్లు గడిచినకొద్దీ మరింత పెద్దది.

వెంటనే అనుమానం రావాలి. అలాంటి మెదడుతో పుట్టినవాళ్లే టాక్సీ డ్రైవర్లు అయ్యారేమో? మగ్వైర్‌కూ వచ్చింది. అందుకే సహోద్యోగి వూలెట్‌తో కలిసి ఆ చదువు మొదలుపెడుతున్న 79 మందిని ముందుగానే స్కాన్ చేసి, ఏళ్ల తర్వాత మళ్లీ చూశారు. 39 మంది పరీక్ష గట్టెక్కారు. మొదట్లో అందరి మెదళ్లూ ఒకేలా ఉన్నాయి. చివరికి పెరిగింది గట్టెక్కినవాళ్లదే. 2011లో ఈ ఫలితం వచ్చాక, సాధన మెదడు రూపాన్నే మార్చగలదన్న మాటకు బలం చేకూరింది. పట్టుదలగా చివరిదాకా నిలిచినవాళ్లలో జన్యువుల పాత్ర ఏమీ లేదని మాత్రం వాళ్లు అనలేదు.

ఇంకో మెలిక ఉంది. 2006లో అదే బృందం లండన్ సిటీ బస్సు డ్రైవర్లను పరీక్షిస్తే వాళ్లలో ఈ పెరుగుదల లేదు. రోజూ అదే రూటు, అవే స్టాపులు. నేర్పుకు లోటు లేదు గానీ, దారి వెతుక్కునే పని మెదడుకు లేదు. 2024 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అమెరికా మరణాల లెక్కలోనూ ఇదే తేడా కనిపించింది. టాక్సీ డ్రైవర్లలో నూటికి ఒకరే అల్జీమర్స్‌తో పోయారు. అన్ని వృత్తులవాళ్లనూ కలిపి చూస్తే ఆ లెక్క నూటికి నాలుగు దగ్గర ఉంది. బస్సు డ్రైవర్లలో మూడు. టాక్సీవాళ్లు తక్కువ వయసులోనే చనిపోతారు కాబట్టి వయసు సరిచేసి లెక్కేస్తే తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు. దారులు గుర్తుపెట్టుకోవడమే కాపాడిందనడానికి ఇది రుజువు కాదు. మతిమరుపు వచ్చే స్వభావమున్నవాళ్లు ఆ పని ముందే వదిలేసి ఉండొచ్చు.

ఫోన్‌లో అమ్మాయి గొంతు ‘200 మీటర్లలో ఎడమవైపు తిరగండి’ అంటుంటే తోలేవాళ్లకు ఈ వ్యాయామం లేనట్టే. 2017లో లండన్‌లోనే జరిగిన మరో పరీక్షలో, సొంతంగా దారి వెతుక్కున్నప్పుడు హిప్పోక్యాంపస్ చురుగ్గా పనిచేసింది. యంత్రం చెప్పిన దారిలో వెళ్లినప్పుడు దానికి ఆ చురుకు లేదు.

అమ్మ దాచిన రంగు

ఇప్పటిదాకా చెప్పినవి చూస్తే రక్తం పాత్ర సన్నగిల్లినట్టే ఉంటుంది. ఒక్కచోట మాత్రం మేనమామ పోలిక అనే మాట అక్షరాలా నిజం. అది ఎరుపు, ఆకుపచ్చ రంగులను విడదీసి చూడలేకపోవడం.

ఈ రెండు రంగులను పట్టే జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఆడపిల్లకు రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లాడికి ఉన్నది ఒక్కటే. అదీ తల్లి నుంచి వస్తుంది. తండ్రి కొడుక్కిచ్చేది వై మాత్రమే. అందువల్ల తండ్రి రంగుల లోపం కొడుక్కి రానే రాదు. లోపాన్ని దాచుకుని మోసే తల్లి ద్వారా మాత్రం సగం మంది కొడుకులకు వచ్చే అవకాశముంది. ఆ తల్లికి అన్నదమ్ములుంటే వాళ్లలో ఎవరికైనా అదే లోపం ఉండొచ్చు. మేనమామకు పండు మిరపకాయా, పచ్చి మిరపకాయా ఒకేలా కనిపిస్తుంటే మేనల్లుడి చూపు కూడా ఒకసారి పరీక్షించాల్సిందే. ఐరోపా మూలాలున్న మగవాళ్లలో నూటికి ఎనిమిది మందికి, ఆడవాళ్లలో రెండు వందలకు ఒకరికి ఇది ఉంటుంది. మన దేశంలో కొంత తక్కువ.

అణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కూ ఈ లోపం ఉండేది. 1794లో తన చూపు గురించి తానే వ్యాసం రాశాడు. కంటిలోని ద్రవం నీలంగా ఉండటం వల్లే ఇలా కనిపిస్తోందని ఆయన నమ్మకం. చనిపోయాక తన కళ్లు తెరిచి చూడమని చెప్పిపోయాడు. చూస్తే ద్రవం మామూలుగానే ఉంది. దాచిపెట్టిన ఆ కంటి ముక్క నుంచి 1995లో డీఎన్ఏ తీసి పరీక్షిస్తే, ఆకుపచ్చను పట్టే జన్యువే లేదని తేలింది.

చిత్రమేమిటంటే చాలామందికి ఈ లోపం ఉన్నట్టే తెలియదు. సిగ్నల్ దగ్గర పైన వెలిగేది ఆగమని, కింద వెలిగేది వెళ్లమని గుర్తుంచుకుంటారు. జన్యువు చేసిన లోటును జ్ఞాపకం పూడుస్తుంది. పగలు ఊళ్లో ఇది సరిపోతుంది. రాత్రి హైవే మీద వానలో ముందు లారీ వెనక వెలిగిన ఎర్రలైటును ఆలస్యంగా పోల్చుకుంటేనే చిక్కు.

మన దగ్గర ఇది ఒక డ్రైవరు బతుకునే తలకిందులు చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో 2014లో డ్రైవరుగా చేరిన ఒకాయనకు తర్వాత వైద్యపరీక్షలో రంగుల లోపం బయటపడింది. ఉద్యోగం పోయింది. వేరే పని ఇవ్వమని అడిగితే నిబంధనలు లేవన్నారు. రంగుల లోపం వచ్చిన డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇవ్వాలని 1979లోనే కార్మిక సంఘంతో ఒప్పందం ఉంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఆగస్టు 1న కోర్టు ఆయనకు తగిన వేరే పని ఎనిమిది వారాల్లో ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. తల్లి గర్భంలోనే ఖాయమైన లోపానికి ఒక మనిషి అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు.

సొంత బండ్ల విషయంలో కేంద్రం కాస్త సడలింపు ఇచ్చింది. స్వల్ప, మధ్యస్థాయి లోపమున్నవాళ్లు లైసెన్సు తీసుకోవచ్చని 2020 జూన్‌లో నిబంధన మార్చింది. తీవ్రమైన లోపం ఉంటే కుదరదు. చుక్కల్లో అంకెలు దాచిన ఇషిహారా బొమ్మల పుస్తకం కంటి డాక్టరు దగ్గర ఉంటుంది. పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు. పెద్దయ్యాక డ్రైవరు ఉద్యోగమో, రైల్వే ఉద్యోగమో ఆశించే పిల్లలకు పదో తరగతిలోపే చూపిస్తే ఆశ పెంచుకుని భంగపడే బాధ తప్పుతుంది.

ఎద్దులకు తెలిసిన దారి

నిద్రలోనూ జన్యువుల మాట కొంత ఉంది. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయంవాళ్లు 2007లో 24 మందిని రాత్రంతా మేలుకోబెట్టి చూశారు. పెర్3 అనే జన్యువు పొడవాటి రకం రెండు ప్రతులూ ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ తడబడ్డారు. అదీ ముఖ్యంగా తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది మధ్య.

ఆ వేళ ఎంత ప్రమాదమో జగ్గయ్యపేట, నందిగామ మధ్య ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ వెళ్తున్న ప్రైవేటు బస్సు పెనుగంచిప్రోలు మండలం ముండ్లపాడు దగ్గర రెండు వంతెనల మధ్య ఖాళీలోకి పడిపోయింది. డ్రైవరు నిద్ర, వేగం గురించే అప్పుడు అందరూ మాట్లాడుకున్నారు. డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పనే అని, ఐదు గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రాసిపెట్టింది. కిరాయి ఒప్పందం మాట్లాడుకునేటప్పుడు అది ఎవరికి గుర్తుంటుంది? ‘మావాడికి నిద్ర ఆపుకోవడం అలవాటే’ అని మెచ్చుకునే ఇళ్లున్నాయి. ఏ రకం పెర్3 ఉన్నా, నిద్రలేని కన్ను మూతపడక మానదు.

ఎడ్లబండి కాలంలో ఈ బాధ లేదు. నందిగామ సంత నుంచి తిరిగొస్తూ బండివాడు కునికినా ఎద్దులు ఇంటిదారి పట్టేవి. జ్ఞాపకం వాటిది. లారీకి అలాంటి జ్ఞాపకం లేదు.

మనిషికి ఉన్న జ్ఞాపకమూ ఎల్లకాలం ఉండదు. డెబ్బై దాటిన పెద్దాయన బండి నడపడంలో మొదట తేడా చేసేది చేతులు కాదు. గేర్లు చక్కగానే పడుతుంటాయి. చేతల జ్ఞాపకం చాలాకాలం నిలుస్తుంది. ముందుగా జారిపోయేది సంగతుల జ్ఞాపకం. నలభై ఏళ్లుగా తిరుగుతున్న కంచికచర్ల మలుపు దాటిపోయి, ఏ ఇబ్రహీంపట్నం దగ్గరో ఆగి ఇంటికి ఫోన్ చేస్తే అది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. అలాగని ఆ సాయంత్రమే తాళాలు దాచేసి గొడవపడాల్సిన పనీ లేదు. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, కొన్ని రకాల నిద్రమాత్రలు వాడినా మతిమరుపు రావచ్చు. వాటికి మందుంది. ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. ‘నాన్నా, నీకు డ్రైవింగ్ రాదు’ అనడం కంటే ‘నాన్నా, ఆ మలుపు ఎందుకు దాటిపోయిందో ఒకసారి డాక్టరుగారిని అడుగుదాం’ అంటే వినే అవకాశం ఎక్కువ.

యాభై ఐదు దాటాక లైసెన్సును ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్ కూడా పెట్టాలి. ఆ కాగితంలో చూపు గురించి అడుగుతారు, వినికిడి గురించి అడుగుతారు, కాళ్లూ చేతులూ సరిగా ఉన్నాయా అని అడుగుతారు. ఇంటిదారి గుర్తుంటోందా అనే గడి అందులో లేదు. అది ముందుగా తెలిసేది పక్క సీట్లో కూర్చునే అమ్మకే.